హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారి కోసం చందాలు పోగుచేసి సాయం అందించడం ఎలా?

మేము మొదటిసారి సరుకులు పంచినప్పుడు సంచుల మీద ఎయిడ్స్ గుర్తైన ఎర్ర రిబ్బన్ బొమ్మ అచ్చు వేయించాం. చూడ్డానికి ముచ్చటగానే ఉన్నాయి. కానీ ఆ సంచి పట్టుకుని వీధిలో నడిచిన ప్రతి మనిషీ తన జబ్బు పేరు అందరికీ చూపిస్తూ నడిచినట్టే అయింది. మరుసటి నెల సగం మంది రాలేదు. వచ్చినవాళ్ళలో ఒకావిడ సరుకులన్నీ తన పాత సంచిలోకి మార్చుకుని, మా సంచిని మడతపెట్టి బల్ల మీద ఉంచి వెళ్ళిపోయింది. ఒక్క మాట కూడా అనలేదు.

ఈ పనిలో డబ్బు పోగుచేయడం కష్టమే. తీసుకున్న మనిషి గుట్టు కాపాడటం అంతకన్నా కష్టం. కాబట్టి పని మొదలుపెట్టిన రోజు నుంచే రెండోదాన్ని దృష్టిలో పెట్టుకోండి.

1. ఏం కావాలో ముందు వాళ్ళనే అడగండి

1983లో అమెరికాలోని డెన్వర్‌లో ఎయిడ్స్‌తో ఉన్న కొందరు కలిసి కూర్చుని, తమను ‘బాధితులు’ అని పిలవొద్దని, తమ గురించి నిర్ణయాలు జరిగే ప్రతి చోటా తమకు చోటు ఉండాలని రాసిపెట్టారు. 1994లో ప్యారిస్‌లో 42 దేశాలు దాదాపు అదే మాటకు ఒప్పుకుని సంతకాలు చేశాయి. మీ కమిటీ నలుగురిదే అయినా ఆ మాట వర్తిస్తుంది. హెచ్‌ఐవీతో ఉన్నవాళ్ళు కనీసం ఇద్దరైనా నిర్ణయాల్లో ఉండాలి. ఒక్కరినే పెడితే ఆ మనిషి అందరి తరఫునా సమాధానం చెప్పాల్సి వస్తుంది, అది భారం. బయటపడటం ఇష్టం లేకపోతే బలవంతపెట్టకండి. పాజిటివ్ వ్యక్తులు తామే నడుపుకునే సంఘం దగ్గరకో, చికిత్సా కేంద్రంలోని కౌన్సెలర్ దగ్గరకో వెళ్ళి, వాళ్ళ ద్వారా పేర్లు లేకుండా అభిప్రాయాలు తెప్పించుకోవచ్చు.

‘మీకేం కావాలి?’ అని అడిగితే చాలామంది మొహమాటపడి ‘ఏదైనా ఫర్వాలేదు’ అంటారు. ‘గత మూడు నెలల్లో మందులు తెచ్చుకోవాల్సిన రోజు ఎప్పుడైనా తప్పిందా? ఎందుకు తప్పింది?’ అని అడగండి. అసలు అవసరం అక్కడ బయటపడుతుంది.

2. డబ్బు ఎక్కడ పెడితే పని జరుగుతుందో తెలుసుకోండి

చాలా దేశాల్లో ఏఆర్టీ మందులు, అంటే హెచ్‌ఐవీని అదుపులో ఉంచే మందులు, ఉచితంగానే అందుతున్నాయి. అయితే ఉచిత మందు తెచ్చుకోవడానికి దారి ఖర్చు ఉంది, పోయిన రోజు కూలి ఉంది, ఇంట్లో పిల్లల్ని ఎవరు చూస్తారన్న టెన్షన్ ఉంది. మందుల వరుస తెగితే వైరస్ మళ్ళీ పెరుగుతుంది, కొన్నిసార్లు మందులకు లొంగకుండా మొండికేస్తుంది. అప్పుడు మందులు మార్చాలి. ఒక్క బస్సు టికెట్ డబ్బు సమయానికి అందక ఇదంతా జరగొచ్చు. అందుకే నన్నడిగితే ఎవరికీ గొప్పగా కనిపించని ప్రయాణ ఖర్చుకే మొదటి పద్దు రాస్తాను. ఆ తర్వాత తిండి, క్షయ లాంటి జబ్బులు వచ్చినప్పుడయ్యే అదనపు పరీక్షలు, పిల్లల చదువు, అద్దె కట్టలేని నెల.

మీరు మాత్రం మందుల గురించి సలహాలు ఇవ్వకండి. ‘ఈ టాబ్లెట్ మానేసి అది వాడండి’ అనే మాట డాక్టర్ నోట రావాల్సిందే.

3. లెక్క వేయండి

‘వీలైనంత పోగుచేద్దాం’ అనుకుంటే పని సగంలో ఆగిపోతుంది. ఉదాహరణకు 20 మంది ఉన్నారనుకోండి. ఒక్కొక్కరు నెలకు ఒకసారి వెళ్ళొస్తే ఏడాదికి 240 ప్రయాణాలు. ఒంట్లో బాగోక మధ్యలో వెళ్ళాల్సినవాటికి ఇంకో 40 కలపండి. మొత్తం 280. రానుపోను ఒక ప్రయాణానికి సగటున ఎంతవుతుందో చూసి దానితో గుణిస్తే మీ లక్ష్యం తేలుతుంది. దానికి ఫోన్ ఖర్చు, లెక్కలు తనిఖీ చేసేవాళ్ళ ఫీజు, కౌన్సెలర్‌ను పెట్టుకుంటే జీతం కలపండి. ‘మాకు ఖర్చులేమీ ఉండవు’ అని దాతలతో గొప్పలు పోవద్దు. ఆ ఖర్చు చివరికి ఎవరో ఒక కార్యకర్త జేబులోంచే పోతుంది, ఏడాది తిరిగేసరికి ఆ కార్యకర్త కూడా కనిపించడు.

ఇలా లెక్క ఉంటే అడగడమూ సులువే. ‘ఎయిడ్స్ సేవకు విరాళం ఇవ్వండి’ అన్నదానికన్నా ‘ఒకరి ఏడాది ప్రయాణాలు, అంటే పన్నెండు, మీరు భరిస్తారా?’ అన్నది మనిషి మనసుకు పడుతుంది.

4. ఖాతా, రసీదులు

సొంత ఖాతాలో చందా వేయించుకోకండి, ఒక్క రోజుకైనా సరే. విడిగా ఖాతా ఉండాలి, డబ్బు తీయడానికి ఇద్దరి సంతకాలు కావాలి. ఏ రూపంలో వచ్చిన సొమ్ముకైనా రసీదు ఇవ్వాలి. చందాలు సేకరించడానికి మీ దేశంలో నమోదు, అనుమతులు అవసరమేమో ముందే కనుక్కోండి. అవన్నీ తలకు మించిన పని అనిపిస్తే, నమోదై ఉన్న సంస్థతో కలిసి, వాళ్ళ లెక్కల్లోనే ఒక ప్రత్యేక పద్దు తెరిపించుకోండి. చిన్న బృందాలకు ఇదే మేలని నా అభిప్రాయం.

5. అడగడం

1981 ఆగస్టులో న్యూయార్క్‌లో ల్యారీ క్రేమర్ అనే రచయిత ఇంట్లో సుమారు 80 మంది సమావేశమయ్యారు. అప్పటికి ఆ జబ్బుకు ఎయిడ్స్ అన్న పేరు కూడా లేదు. ఆ రోజు పరిశోధన కోసం 6,635 డాలర్లు పోగయ్యాయి. ఆ ప్రయత్నం నుంచే మరుసటి ఏడాది, ఈ జబ్బు ఉన్నవారికి సాయపడే గే మెన్స్ హెల్త్ క్రైసిస్ అనే సంస్థ ఏర్పడింది. మొదలు అంత చిన్నదే. మీరు కూడా ముందు తెలిసినవాళ్ళ నుంచే మొదలుపెట్టండి.

జనం ఎక్కువయ్యాక నడక లాంటి కార్యక్రమం పెట్టొచ్చు. 1985లో లాస్ ఏంజెలెస్‌లో తొలి ఎయిడ్స్ వాక్ జరిగింది. అందులో కిటుకు ఏమిటంటే, డబ్బు తెచ్చేది నడక కాదు, నడిచే మనిషి. ప్రతి ఒక్కరూ ‘నేను నడుస్తున్నాను, నా పేరు మీద ఇంత ఇవ్వండి’ అని తమ స్నేహితులను, చుట్టాలను అడుగుతారు. టీషర్టులు, వేదిక, మైకులకు ఎంతవుతుందో ముందే చూసుకోండి. వచ్చినదంతా వాటికే పోయిన కార్యక్రమాలు ఉన్నాయి.

ఇంకో చిక్కు. 1988 నుంచి డిసెంబర్ 1ని ప్రపంచ ఎయిడ్స్ దినంగా జరుపుతున్నారు, కాబట్టి ఆ వారమంతా చందాలు బాగానే వస్తాయి. మార్చికల్లా పెట్టె ఖాళీ. ఒకేసారి పెద్ద మొత్తం ఇచ్చే ఒక్క దాత కన్నా, నెలనెలా కొంచెం ఇచ్చే ముప్పై మంది మీకు అవసరం. డిసెంబర్ 1న వచ్చినవాళ్ళనే ‘నెలకు ఒక ప్రయాణం’ అని అడిగి చూడండి.

‘వాళ్ళకు ఎలా వచ్చిందట?’ అని దాత అడగడం మామూలే. ‘అది మేము అడగం, మీకు చెప్పం’ అని నవ్వుతూనే చెప్పేయండి. భయంతో అడిగేవాళ్ళకు మాత్రం ఓపికగా వివరించండి. ముట్టుకుంటే, కలిసి తింటే, ఒకే బాత్రూమ్ వాడితే రాదు. చికిత్సతో వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ మోతాదు, పరీక్షకు దొరకనంత తగ్గి అలాగే నిలిచి ఉంటే, లైంగిక సంబంధం ద్వారా కూడా సోకదు. 2016లో, 2019లో వచ్చిన ‘పార్ట్‌నర్’ అనే అధ్యయనాల్లో వైరస్ ఇలా అదుపులో ఉన్నవాళ్ళ నుంచి జీవిత భాగస్వామికి సోకిన సందర్భం ఒక్కటి కూడా కనబడలేదు.

‘నేను సాయం చేసే కుటుంబాన్ని ఒకసారి చూడాలి, ఒక ఫొటో దిగాలి’ అనే దాతలూ వస్తారు. పెద్ద మొత్తమే కావొచ్చు. అయినా వద్దనండి.

6. గుట్టు

మా సంచుల సంగతి చెప్పాను కదా. అలాంటి చిల్లులు ఇంకా చాలా ఉంటాయి. బ్యాంకు ద్వారా డబ్బు పంపేటప్పుడు వివరాల దగ్గర ‘హెచ్‌ఐవీ సాయం’ అని రాస్తే, పాస్‌బుక్ చూసిన కొడుకుకో అత్తగారికో తెలిసిపోతుంది. ‘ప్రయాణ ఖర్చు’ అని రాయండి చాలు. ఫోన్ చేసినప్పుడు ఎత్తింది ఎవరో తేలకముందే సంస్థ పేరు చెప్పకండి. ఎప్పుడు చేయాలి, వేరేవాళ్ళు ఎత్తితే ఏమని చెప్పాలి అన్నది ఆ మనిషినే అడిగి రాసుకోండి. అందరినీ ఒకే వాట్సాప్ గ్రూపులో చేర్చారంటే అందరి నంబర్లూ అందరికీ ఇచ్చినట్టే.

జాబితా రెండు ముక్కలుగా ఉండాలి. ఒకదానిలో నంబర్లు, ఇచ్చిన మొత్తాలు. రెండోదానిలో ఏ నంబర్ ఎవరిదో. రెండోది ఒకరిద్దరి దగ్గరే, తాళం వేసి. సంతకాల రిజిస్టర్ బల్ల మీద తెరిచి పెడితే, వచ్చిన ప్రతివాళ్ళూ పైనున్న పేర్లు చదువుతారు. మనిషికో విడి కాగితం ఇవ్వండి.

7. డబ్బుతో తీరనివి

పరీక్షలో పాజిటివ్ అని తెలిసిన మొదటి వారాల్లో మనిషికి కావలసింది, ‘నాకు పదేళ్ళయింది, ఇదిగో నీ ముందే కూర్చున్నాను’ అని చెప్పే మరో మనిషి. అలాంటి తోటివాళ్ళను వెతికి, కొంత శిక్షణ ఇచ్చి, వాళ్ళ సమయానికి పారితోషికం ఇవ్వండి. అనుభవమున్న మనిషి పని కాబట్టి ఉచితంగా చేయాలనుకోవడం అన్యాయం.

నెలకోసారి కలిసే చోటుకు బోర్డు ఉండకూడదు. వేరే పనుల మీద కూడా జనం వచ్చిపోయే భవనమైతే ఎవరు ఎందుకొచ్చారో తెలియదు. ఎవరైనా చనిపోవాలనిపిస్తోందని అంటే ఆ మాటను దాటవేయకుండా, ఒంటరిగా వదలకుండా, మానసిక వైద్యుల దగ్గరకు వెంటబెట్టుకుని వెళ్ళే మనిషి ఎవరో ముందే నిర్ణయించుకోండి.

8. దాతలకు లెక్క, తీసుకునేవారికి కబురు

దాతలకు మూడు నెలలకోసారి ఒక పేజీ చాలు: ఎన్ని ప్రయాణాలు, ఎన్ని పరీక్షలు, ఎంత మిగిలింది. చిన్న చోట్లలో ‘ఇద్దరు పిల్లలున్న టైలర్’ అని రాస్తే పేరు రాసినట్టే, కాబట్టి కథలు వద్దు.

డబ్బు తగ్గిపోతోందని తెలిస్తే ఆ సంగతి ముందుగా తెలియాల్సింది సాయం అందుకుంటున్నవాళ్ళకు. ఖాతాలో మూడు నెలలకు సరిపడా సొమ్ము ఉండగానే చెప్పండి. అప్పుడు ఒకరు దగ్గరలోని కేంద్రానికి మారడానికి దరఖాస్తు పెట్టుకుంటారు, ఇంకొకరు ఒకేసారి మూడు నెలల మందులు ఇస్తారేమోనని డాక్టర్‌ను అడిగి చూస్తారు.