ఫొటో తీసేటప్పుడే వెలుగు తగ్గించండి

ఫోనుతో తీసిన ఫొటోకు చిత్రకళ అందం రావాలంటే, ఫిల్టర్ల కోసం వెతకడం కంటే ముందు చేయవలసిన పని ఒకటుంది: తీసేటప్పుడే వెలుగు కొంచెం తగ్గించడం. ఫోను కెమెరా దృశ్యమంతా స్పష్టంగా కనిపించాలని చూస్తుంది. అందుకే నీడలు కూడా వెలిగిపోయి బొమ్మ చప్పగా తయారవుతుంది.

తెరపై ముఖ్యమైన వస్తువు మీద వేలిని కాసేపు నొక్కి పట్టుకోండి. చాలా ఫోన్లలో ఫోకస్, ఎక్స్‌పోజర్ (ఫొటోలో పడే వెలుగు మోతాదు) అక్కడే స్థిరపడతాయి. పక్కన కనిపించే సూర్యుడి గుర్తును మెల్లగా కిందికి జరపండి. కిటికీ పక్కన కూర్చున్న మనిషి ముఖంలో ఒక చెంప వెలుగులో, రెండోది నీడలో మిగిలే దాకా జరిపి చూడండి; ఎంత తేడానో మీకే తెలుస్తుంది. పూర్తిగా తెల్లబడిపోయిన చోట వివరాలు ఏ యాప్‌తోనూ తిరిగి రావు. నీడలో దాగినవాటిని మాత్రం చాలావరకు పైకి తేవచ్చు.

ఎడిటింగ్‌కు నేను స్నాప్‌సీడ్ అనే యాప్ వాడతాను. అందులోని సెలెక్టివ్ సాధనంతో కళ్ల మీద ఒక చుక్క పెట్టి, రెండు వేళ్లతో దాని పరిధి తగ్గించి, ఆ భాగానికే కాస్త వెలుగు పెంచండి. మొత్తం బొమ్మకు బ్రైట్‌నెస్ పెంచితే ఇంత శ్రద్ధగా దాచుకున్న నీడలన్నీ పోతాయి, దయచేసి ఆ పని చేయకండి. చివర్లో విగ్నెట్, అంటే బొమ్మ అంచులను చీకటి చేయడం, కొంచెం, కనీకనిపించనంత. రంగులు ఒకదానితో ఒకటి పోటీపడుతున్న ఫొటోలకు నలుపు తెలుపు బాగా నప్పుతుంది. అసలు ఫొటోను అలాగే ఉంచి, మార్చినదాన్ని వేరే కాపీగా దాచుకోండి. మర్నాడు రెండింటినీ పక్కపక్కన పెడితే, మార్పులు ఎక్కడ శ్రుతి మించాయో ఇట్టే కనిపిస్తుంది.