బ్యాగులు కొనేముందు ఒకసారి హెచ్ఎం గారిని కలవండి

మీ ఊరి యూత్ వాళ్ళు సర్కారు బడికి ఏదైనా చేద్దామనుకుంటే ముందే బ్యాగులు, నోటుబుక్కులు కొనేయకండి, హెచ్ఎం గారి దగ్గర కూర్చుని ఏం కావాలో అడగండి, మేం ఒకసారి అడక్కుండా పలకలు పట్టుకెళ్తే అప్పటికే రెండు అట్టపెట్టెల పలకలు బీరువా మీద ఉన్నాయి 😀

ఇంకోటి, స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీని పక్కన పెట్టొద్దు. విద్యాహక్కు చట్టం 2009 ప్రకారం అందులో ముప్పావు వంతు మంది పిల్లల తల్లిదండ్రులే, మొత్తంలో సగం ఆడవాళ్ళు, వాళ్ళ మీటింగ్‌లో మాట్లాడి మినిట్స్ బుక్‌లో రాయించారనుకోండి, రేపు హెచ్ఎం ట్రాన్స్‌ఫర్ అయినా కొత్తాయనకి మళ్ళీ మొదట్నుంచి చెప్పక్కర్లేదు.

చదువు చెప్తామంటే వారానికి ఒక్క గంటే ఒప్పుకోండి, కానీ ఆ గంట మానొద్దు, పిల్లలు ఎదురుచూస్తారు. వేరే ఊళ్ళో ఉంటే కేంద్ర విద్యాశాఖ వాళ్ళ విద్యాంజలి పోర్టల్‌లో బళ్ళు పెట్టిన అవసరాలు చూడొచ్చు.