బ్రామ్స్ ‘పగనీనీ వేరియేషన్స్’ ఎలా వినాలి?

జర్మన్ స్వరకర్త యోహానెస్ బ్రామ్స్ 1862–63లో రాసిన ఈ పియానో రచన (ఓపస్ 35, అంటే ఆయన రచనల వరసలో 35వ నంబరు) ఒకే ట్యూన్‌ని రకరకాలుగా మార్చి చూపిస్తుంది; ఆ ఒక్కో మార్పే ఒక వేరియేషన్. దీన్ని మొదటిసారి వింటే వేళ్ల వేగం తప్ప ఏమీ గుర్తుండదు. గొప్ప పియానిస్టు క్లారా షూమనే వీటిని ‘మంత్రగత్తె వేరియేషన్లు’ అంది. అయినా పాశ్చాత్య సంగీతం నేర్చుకోనివాళ్లు కూడా దీన్ని హాయిగా వినొచ్చు.

1. ముందు పియానో జోలికి పోకండి, వయొలిన్ వినండి. ఇందులోని ట్యూన్ బ్రామ్స్‌ది కాదు. ఇటలీ వయొలిన్ విద్వాంసుడు పగనీనీ 1820లో అచ్చువేయించిన 24 కాప్రీస్‌లలో (ఒంటరి వయొలిన్ కోసం రాసిన చిన్న రచనలు) చివరిది. దాని మొదటి అర నిమిషం చాలు, కూనిరాగం తీయగలిగేదాకా వినండి.

2. ఇప్పుడు బాస్, అంటే అన్నిటికన్నా కింది స్వరాల వరస, పట్టుకోండి. అసలు పని ఇదే, తొందరపడొద్దు. మన కృతుల్లో ఎన్ని సంగతులు పడినా సాహిత్యం, రాగం, తాళం నిలిచే ఉంటాయి కాబట్టి దారి తప్పం. బ్రామ్స్ చాలాచోట్ల ట్యూన్‌నే తీసేస్తాడు, లయ మారుస్తాడు, మైనర్‌ని (సాధారణ గాంధారం ఉండే స్వరాల వరస) మేజర్ (అంతర గాంధారం ఉండేది) చేస్తాడు. ఎక్కువగా మిగిలేది కింది స్వరాల నడక, దాని మీది కార్డ్‌ల (ఒకేసారి మోగే స్వరాల గుత్తుల) వరస. పాశ్చాత్యుల ‘ఏ’ (A) స్వరాన్ని షడ్జం అనుకుంటే, మొదటి భాగం స–ప–స–ప అని ఊగుతుంది. రెండో భాగం స–మ–ని–గ అని కదిలి (కైశికి నిషాదం, సాధారణ గాంధారం), చివరికి ‘ప’ మీదుగా ‘స’కి చేరుతుంది. ఫోన్‌లో కీబోర్డ్ యాప్ ఉంటే ఒంటి వేలితో వాయించి చూడండి.

3. మొత్తం రెండు పుస్తకాలు, ఒక్కోదాంట్లో 14 వేరియేషన్లు. మొదటి రోజు మొదటి పుస్తకం ఒక్కటే వినండి. బ్రామ్స్ వీటికి ‘స్టడీస్’ అని కూడా పేరు పెట్టాడు, అంటే వేళ్లకి పరీక్షలు. కార్ల్ తౌసిగ్ అనే మహా వేగస్తుడైన పియానిస్టుని దృష్టిలో పెట్టుకుని రాశాడు మరి! ఒకటో వేరియేషన్‌లో కుడిచేతికి పెట్టిన కష్టమే రెండోదాంట్లో ఎడమచేతికి పెడతాడు. 11, 12 మేజర్‌లోకి మారతాయి, అక్కడ టెన్షన్ తగ్గుతుంది. 13వది వీడియోలో చూడాల్సిందే: ఆక్టేవ్‌లని (కింది ‘స’, పై ‘స’లా ఒకే స్వరం జంటగా) తెల్ల మెట్ల మీద జర్రున జార్చాలి. చాలామంది జార్చకుండా మణికట్టుతో విడివిడిగా కొట్టేస్తారు.

4. రెండో పుస్తకం ఇంకోరోజు. నాలుగోది వాల్ట్జ్, అంటే మూడు దెబ్బల లయలో సాగే నాట్య సంగీతం. 12వది సొంత శ్రుతి వదిలి ఎఫ్ మేజర్‌కి (‘ఎఫ్’ స్వరం షడ్జంగా ఉండే మేజర్‌కి) వెళ్తుంది. ఈ రచన అంతా సర్కస్ అనేవాళ్లకి నేను మొదట వినిపించేది అదే.

మీరు వినే రికార్డింగ్‌లో ఈ అంకెలు కలవకపోతే కంగారుపడకండి. కొందరు పియానిస్టులు రెండు పుస్తకాలూ కలిపేసి కొన్ని వదిలేస్తారు. ఇటలీ పియానిస్టు మైకెలాంజెలి అయితే వరసే మార్చేశాడు.

5. తర్వాత, ఇదే ట్యూన్ మీద రష్యన్ స్వరకర్త రాఖ్‌మానినోవ్ 1934లో పియానో, ఆర్కెస్ట్రాల కోసం రాసిన రాప్సొడీ వినండి. దాని 18వ వేరియేషన్‌లో ట్యూన్‌ని తలకిందులు చేశాడు, ఎక్కే స్వరం దిగుతుంది, దిగేది ఎక్కుతుంది. ముందే తెలియకపోతే గుర్తుపట్టడం చాలా కష్టం.