‘వ్యాయామం’ అంటే కసరత్తు కాదు: తొలి సుత్తం చదివే పద్ధతి

బౌద్ధం చదవాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టమంటారు అని అడిగేవారికి నేను ముందు చెప్పేది ఒకటే: లావు పుస్తకం కొనకండి. నేను కొన్నాను. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పానన్న ధీమాతో, కష్టమైనదాని సంగతే ముందు చూద్దామని అభిధమ్మం మీద ఒక వ్యాఖ్యానం తెచ్చుకున్నాను. నలభై పేజీలు దాటలేదు. రెండేళ్ళు అది అలమరలో పాత పంచాంగాల కింద పడి ఉంది.

బౌద్ధుల మూల గ్రంథాల సంపుటాలను పిటకాలు అంటారు, అవి మూడు. వినయంలో భిక్షువుల, భిక్షుణుల నియమాలు ఉంటాయి, సుత్తంలో బుద్ధుడి ప్రబోధాలు ఉంటాయి, అభిధమ్మం ఆ ప్రబోధాల్లోని విషయాన్ని విడదీసి వర్గీకరిస్తుంది. మీరు రెండోదానిలోకి వెళ్ళండి. అదీ చిన్నదేమీ కాదు. అందులో అయిదు నికాయాలు, అంటే సంకలనాలు, ఒక్క మజ్ఝిమ నికాయంలోనే 152 సుత్తాలు. కానీ మొదటి నెలకు ఒక్క సుత్తం చాలు, అదీ రెండు మూడు పేజీలే. దాని పేరు ధమ్మచక్కప్పవత్తన సుత్తం. సంయుత్త నికాయంలో 56వ సంయుత్తం (అంటే విభాగం), 11వ సుత్తం. సారనాథ్‌లో అయిదుగురు శ్రోతలకు బుద్ధుడు చేసిన తొలి ప్రబోధం అది.

ఒక అనువాదం ముందు పెట్టుకోండి, పక్కన ఈ గ్రంథాల భాష అయిన పాళిలో మూలం ఉంచుకోండి. పాళికంటూ సొంత లిపి లేదు, ఏ దేశంవారు ఆ దేశపు లిపిలో రాసుకున్నారు. విపశ్యనా రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ఇంటర్నెట్‌లో పెట్టిన పిటకాలను తెలుగు లిపిలోనే చదువుకోవచ్చు. పైకి చదవండి: ‘ఏవం మే సుతం. ఏకం సమయం భగవా బారాణసియం విహరతి ఇసిపతనే మిగదాయే.’ ఇలా నేను విన్నాను, ఒకప్పుడు భగవానుడు వారణాసిలో ఇసిపతనమనే చోట జింకల వనంలో ఉన్నాడు అని. విన్నానంటున్నది బుద్ధుడి శిష్యుడు ఆనందుడు. బుద్ధుడు పోయాక రాజగృహంలో జరిగిన తొలి సంగీతిలో, అంటే భిక్షువుల సభలో, ఆయనే సుత్తాలను అప్పజెప్పాడని సంప్రదాయం. ఆ తర్వాత ఎన్నో తరాలు అవి నోటిమీదే నిలిచాయి, క్రీ.పూ. మొదటి శతాబ్దంలో సింహళంలో రాతకెక్కాయి. చెప్పిందే మళ్ళీ మళ్ళీ చెప్పడం అందుకే, కంఠస్థం చేసేవారి సౌకర్యం అది. ఈ వల్లెవేత చోట అచ్చులో ‘...పే...’ అని కనిపిస్తుంది. నేను అచ్చుతప్పు అనుకుని పెన్సిలుతో కొట్టేశాను! పైన వచ్చిన వాక్యాలనే ఇక్కడా చదువుకోమని దాని అర్థం. మొదటిసారి ఆ ఖాళీలు నింపుకుని చదవండి.

మన అసలు చిక్కు మాటలతో. పాళి మాటలు సంస్కృతం మీదుగా తెలుగులో ఎప్పుడో కలిసిపోయాయి కాబట్టి చూడగానే తెలిసినట్టే ఉంటాయి, అక్కడే కాలు జారుతుంది. ఆదివారాల్లో మా ఇంట్లో నలుగురం కూర్చుని చదువుతాం. అష్టాంగ మార్గం వచ్చినరోజు పక్కింటి అబ్బాయి, ‘టీచరుగారూ, బుద్ధుడు వ్యాయామం కూడా చెయ్యమన్నాడా?’ అన్నాడు. సమ్యక్ దృష్టి, సంకల్పం, వాక్కు, కర్మ, ఆజీవం, వ్యాయామం, స్మృతి, సమాధి అని వరసగా రాసిపెట్టాను మరి. ఇక్కడ వ్యాయామం అంటే ప్రయత్నం: చెడు ఆలోచన పుట్టకుండా చూసుకోవడం, పుట్టినదాన్ని వదిలించుకోవడం, మంచిని పుట్టించడం, పుట్టిన మంచిని నిలుపుకోవడం. స్మృతి పాత జ్ఞాపకం కాదు, ఇప్పుడు ఒంట్లో, మనసులో ఏం జరుగుతోందో ఎరుకతో ఉండడం. ఆజీవం అంటే బతుకుతెరువు. సమాధి సంగతి చెప్పనక్కర్లేదు, మన ఊళ్ళలో ఆ మాటకు ముందు గుర్తొచ్చేది శ్మశానమే, ఇక్కడ మాత్రం మనసు ఒకచోట నిలవడం.

దుఃఖం, పాళిలో దుక్ఖం, మరీ తిప్పలు పెడుతుంది. మన వాడుకలో దుఃఖం అంటే ఏడుపు, అందుకే బౌద్ధమంటే ఏడుపుగొట్టు మతమని పేరుపడింది. సుత్తం చెప్పే జాబితా చూడండి: పుట్టుక, ముసలితనం, రోగం, చావు, గిట్టనివారితో కలిసి ఉండడం, ఇష్టమైనవారికి దూరం కావడం, కోరింది దొరక్కపోవడం. చివరి మూడింటికీ ఏడవాల్సినంత పని ఉండకపోవచ్చు. చెప్పు కరుస్తుంటే నడుస్తూనే ఉంటాం చూశారా, అదీ దుక్ఖమే.

ఇప్పుడు సుత్తంలో నాకు అన్నిటికన్నా విలువైన చోటుకు వద్దాం, చాలామంది గబగబా దాటేసే చోటు అది. నాలుగు సత్యాలు చెప్పి బుద్ధుడు ఊరుకోలేదు, ఒక్కోదానికి ఒక్కో పని అప్పగించాడు. దుక్ఖాన్ని పూర్తిగా తెలుసుకోవాలి. దాని పుట్టుకకు కారణమైన తణ్హను, అంటే దాహాన్ని, వదలాలి. దాని నిరోధాన్ని, అంటే ఆగిపోవడాన్ని, స్వయంగా చూడాలి. అందుకు దారి అయిన అష్టాంగ మార్గాన్ని సాధన చేయాలి. పిల్లలు లెక్క చేయకుండా సూత్రం మాత్రం బట్టీ పట్టినట్టు, ‘కోరికలే దుఃఖానికి మూలం’ అని మనం వల్లించి వదిలేస్తాం.

అందుకని ఒక నోటుపుస్తకంలో నాలుగు గడులు గీసుకోండి. ఇది గ్రంథాల్లో ఉన్న పద్ధతి కాదు, లెక్కల టీచరు అలవాటు. నా మొదటి పేజీ చెబుతాను. మా వీధి చివర బడి ఉంది. రిటైరయ్యాక కూడా అక్కడ గంట మోగితే లేచి నిలబడబోయేదాన్ని, మళ్ళీ కూర్చునేటప్పుడు గుండెలో చిన్నగా కలుక్కుమనిపించేది. మొదటి గడిలో అది రాశాను. రెండో గడికి సుత్తమే సాయం చేసింది. తణ్హ మూడు రకాలంటుంది: ఇంద్రియ సుఖాల దాహం, ఏదో ఒకటిగా ఉండాలన్న దాహం, ఉండకూడదన్న దాహం. నాది రెండోది, ఇంకా టీచరమ్మగానే ఉండాలన్నది. మూడో గడిలో, గంట మోగినా ఏమీ అనిపించని రోజు ఎలా ఉందో రాయాలి. అది చాలా వారాలు ఖాళీగా ఉంది. నాలుగో గడిలో ఆ రోజు నేను చేసిన పని.

మొదటి వారమే ఏమీ అర్థం కాలేదని దిగులుపడకండి. విన్న అయిదుగురిలో ఆ ప్రబోధం ముగిసేసరికి కన్ను తెరుచుకుంది కొండఞ్ఞుడికి ఒక్కడికే. ‘పుట్టే స్వభావం ఉన్నదానికల్లా ఆగిపోయే స్వభావం ఉంది’ అని అతనికి తట్టింది. ‘కొండఞ్ఞుడికి తెలిసింది సుమా’ అని బుద్ధుడు మురిసిపోయాడు. బుద్ధుడి క్లాసు ఫలితాలే అలా ఉంటే నా క్లాసు సంగతి చెప్పాలా!

రెండో నెలలో దీఘ నికాయంలోని సిగాలోవాద సుత్తం చదవండి, సంసారులకు పనికొచ్చేది. తండ్రి మాట ప్రకారం తడిబట్టలతో ఆరు దిక్కులకూ మొక్కుతున్న కుర్రవాడికి, తల్లిదండ్రులే తూర్పు, గురువులే దక్షిణం, ఆలుబిడ్డలే పడమర, స్నేహితులే ఉత్తరం అని బుద్ధుడు చెబుతాడు. కింది దిక్కు పనివాళ్ళు. వాళ్ళ శక్తికి తగ్గ పని ఇవ్వాలి, జబ్బు చేస్తే చూసుకోవాలి అని కూడా అందులో ఉంది. పైదిక్కు శ్రమణులు (అంటే సన్యాసులు), బ్రాహ్మణులు. ఆ తర్వాత కాలామ సుత్తం. వాట్సాప్‌లో తిరిగే ముక్కను నమ్మకండి. ‘ఎవరు చెప్పినా నమ్మకు, నీ బుద్ధికి తోచిందే నిజం’ అని అందులో లేదు. తర్కానికి నిలిచిందన్న కారణంతో కూడా ఒప్పుకోవద్దంటుంది, జ్ఞానులు దేన్ని తప్పుపడతారో చూడమంటుంది.

ధమ్మపదం అందరూ మొదట పట్టుకుంటారు, నేను మూడో నెలకు వాయిదా వేయమంటాను. 423 గాథలూ సూక్తుల్లా అందంగా ఉంటాయి, అందుకే పూటకు పాతిక చదివి పక్కన పెట్టేస్తాం. వారానికి పది చాలు.

తర్వాతి కాలంలో వచ్చిన బౌద్ధ శాఖ మహాయానం వైపు వెళ్ళాలనుకున్నా ఈ తొలి సుత్తం దాటి వెళ్ళలేరు. ఆ శాఖ గ్రంథమైన హృదయ సూత్రం దుఃఖం లేదు, సముదయం (దాని పుట్టుక) లేదు, నిరోధం లేదు, మార్గం లేదు అంటుంది. ఏవి లేవంటున్నదో తెలియకపోతే అది వట్టి గారడీలా కనిపిస్తుంది. మహాయాన ఆచార్యుడు నాగార్జునుడి మూలమధ్యమకకారికలో 27 ప్రకరణాలుంటే, 24వది ఈ నాలుగు సత్యాల మీదే. మేం నలుగురం ఈమధ్యే అందులో అడుగుపెట్టాం. ఆదివారానికి రెండు కారికలు, అంటే శ్లోకాలు, కూడా సాగడం లేదు.