‘ఆంటీ మేమ్’కి తెలుగు సబ్‌టైటిల్స్ రాసి, పదిమందికి చూపించడం ఎలా

మీ చేతిలో ఉన్నది ఏ సినిమానో ముందు తేల్చుకోండి. మనకు కావలసింది వార్నర్ బ్రదర్స్ 1958లో తెచ్చిన ‘ఆంటీ మేమ్’. దర్శకుడు మోర్టన్ డకోస్టా, మేమ్‌గా రోసలిండ్ రస్సెల్, నిడివి 143 నిమిషాలు. 1974లో లూసిల్ బాల్‌తో వచ్చిన ‘మేమ్’ వేరే సినిమా. కథ ఇదే అయినా అది పాటలతో నడిచే సినిమా. పేర్లు దగ్గరగా ఉండటంతో ఇంగ్లిష్ సబ్‌టైటిల్ ఫైళ్లు తరచూ ఒకదాని బదులు ఇంకొకటి వస్తుంటాయి. ఫైలు తెరవగానే మధ్యమధ్య పాటల చరణాలు కనిపిస్తే పక్కన పడేయండి.

ప్యాట్రిక్ డెనిస్ 1955లో రాసిన నవల 1956లో బ్రాడ్వే నాటకమైంది. అందులోనూ రస్సెలే మేమ్, డకోస్టానే దర్శకుడు. వాళ్లిద్దరూ స్టేజి అలవాట్లన్నీ వెంటబెట్టుకుని సినిమాలోకి వచ్చారు. మాటలు ఎడతెగకుండా వస్తాయి, ఒకరి మాట తెగకముందే ఇంకొకరు అందుకుంటారు. కాబట్టి ఈ సినిమాకి సబ్‌టైటిల్స్ రాయడంలో సగం పని కోసేయడమే. తెలుగులో మాట నిడివి ఎక్కువ. ఇంగ్లిష్‌లో చెప్పిందంతా దించితే ప్రేక్షకుడు చదువుతూనే ఉంటాడు, రస్సెల్ ముఖం చూడడు. చూడాల్సింది ఆ ముఖాన్నే.

అత్త ఎవరి అత్త?

ఇంగ్లిష్‌లో ‘ఆంట్’ అన్నిటికీ సరిపోతుంది. తెలుగులో వరస తేలకుండా ఒక్క డైలాగూ ముందుకు సాగదు. కథలో పిల్లాడి పేరు కూడా ప్యాట్రిక్కే. మేమ్ వాడి తండ్రికి చెల్లెలో అక్కో, అంటే మేనత్త. పిన్నీ కాదు, పెద్దమ్మా కాదు. ‘ఆంటీ’ అనే ఉంచేద్దామనిపిస్తుంది గానీ వద్దు. ఈ రోజుల్లో మనకు ఆంటీ అంటే పక్కింటావిడ, స్నేహితుడి తల్లి, బస్సులో ఎదురు సీటావిడ. తండ్రి పోయిన పిల్లాడికి మిగిలిన ఒకే ఒక్క రక్తబంధువు అన్న బరువు ఆ మాటకు లేదు. సినిమా పేరు ‘ఆంటీ మేమ్’ అలాగే ఉండనివ్వండి, పిలుపు మాత్రం ‘అత్తా’ చేయండి. ఆమె నోట వాడు మేనల్లుడు. చివర్లో వచ్చే ప్యాట్రిక్ కొడుకు మైకేల్ ఆమెకు మనవడి వరస.

పేర్లలో ఒక ఉచ్చు ఉంది. ‘మేమ్’ అని ఒంటరిగా రాస్తే సగంమంది ‘మేం’ అని చదువుతారు. ‘మేమ్ వెళ్తోంది’ అన్న లైను కనబడగానే కన్ను ఒక్క క్షణం ఆగుతుంది, ఈలోగా తర్వాతి జోకు పోతుంది. అందుకని వాక్యం మొదట్లో ఆ పేరు ఒంటరిగా రానివ్వకండి. ‘మేమ్ అత్త’, పెళ్లయ్యాక ‘మిసెస్ బర్న్‌సైడ్’, లేదంటే ‘ఆవిడ’ అనండి. జపనీస్ పనివాడి పేరు ‘ఇటో’ అని రాస్తే ‘ఇటో అటో’లా ఉంటుంది, ‘ఈటో’ అనండి. మేమ్ స్నేహితురాలైన రంగస్థల నటిని ‘వీరా’ అంటే మగ పేరవుతుంది, ‘వెరా’ చాలు.

తర్వాతి సంగతి నువ్వు, మీరు. ఎవరు ఎవరిని ఏమంటారో పని మొదలుపెట్టకముందే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. లేకపోతే గంట సినిమా అయ్యేసరికి కలగాపులగం అవుతుంది, ఇద్దరు పంచుకుని రాస్తుంటే మరీను. మాకు సరిపోయిన పద్ధతి ఇది. ప్యాట్రిక్ మేమ్ ఇంటికి వచ్చేసరికి అక్కడ పార్టీ నడుస్తుంటుంది. ఆ మొదటి రోజు వాడు ‘మీరు’ అంటాడు, మర్నాటి నుంచి ‘నువ్వు’. మేమ్, వెరా మధ్య ‘నువ్వు’, అక్కడక్కడా ‘ఏమే’. ప్యాట్రిక్ ఆస్తికి ట్రస్టీగా ఉన్న బ్యాంకు పెద్దమనిషి బాబ్‌కాక్‌తో మేమ్ ఎప్పుడూ ‘మీరు’. ఒళ్లు మండేకొద్దీ ఆ ‘మీరు’ ఇంకా మర్యాదగా ఉండాలి. సెక్రటరీ గూచ్ మేమ్‌ని ‘మీరు’ అంటుంది, మేమ్ ఆమెను ‘నువ్వు’ అంటుంది. జార్జియా ధనికుడు బోరిగార్డ్‌తో పెళ్లయ్యాక మన పాత డబ్బింగుల అలవాటు కొద్దీ ‘ఏవండీ’ దొర్లుతుంది, జాగ్రత్త. ఈ మేమ్ నోట అది అతకదు, ఇద్దరికీ ‘నువ్వు’ పెట్టండి.

పెద్దవాడైన ప్యాట్రిక్ డబ్బున్న అప్సన్ల పిల్ల గ్లోరియా మోజులో పడి, వాళ్ల ముందు కాస్త పద్ధతిగా ఉండమని అత్తకు చెప్పే సీను దగ్గర తెలుగుకి ఇంగ్లిష్‌లో లేని ఆయుధం దొరుకుతుంది. ఆ ఒక్క సీనులో వాడి చేత ‘మీరు’ అనిపించండి. ఎడం ఎంత పెరిగిందో వివరణ లేకుండానే తెలుస్తుంది. తర్వాత మళ్లీ ‘నువ్వు’కి తెచ్చేయాలి. సినిమా అంతా సాగదీస్తే పదును పోతుంది.

చేయి తడబడే చోట్లు

అన్నిటికన్నా ప్రమాదం కనెక్టికట్‌లో అప్సన్ల ఇంటి సీను. తమ ఊరు ‘రిస్ట్రిక్టెడ్’ అని వాళ్లు గొప్పగా చెబుతారు. దాన్ని ‘నియంత్రిత ప్రాంతం’ అని దించితే ప్రేక్షకుడు మిలిటరీ స్థలం అనుకుంటాడు. ఆ రోజుల్లో అమెరికాలో ఆ మాటకి అర్థం అక్కడ యూదులకు ఇళ్లు, స్థలాలు అమ్మరని. ‘ఇక్కడ అందరికీ అమ్మరు లెండి, యూదులకైతే అసలు అమ్మరు’ అని విప్పి రాయాల్సిందే. ఇది తేలకపోతే మేమ్ చివర్లో వాళ్ల ఇంటి పక్క స్థలాన్నే కొని యూదు శరణార్థి పిల్లలకు ఇల్లు కట్టించడానికి పూనుకోవడం ఊరికే చిలిపి పనిలా మిగిలిపోతుంది. సినిమాకి వెన్నెముక అదే. రెండు లైన్లు ఎక్కువైనా ఇక్కడ కోయకండి, దానికోసం ముందూ వెనకా కోసేయండి.

అదే ఇంటి పేరు ‘అప్సన్ డౌన్స్’. ఈ శ్లేషను తెలుగు చేయబోయి చెడగొట్టొద్దు. ‘అప్స్ అండ్ డౌన్స్’ మనవాళ్ల నోట రోజూ ఆడే మాటే. తెలుగు లిపిలో అలాగే పెడితే నవ్వు దానంతటదే వస్తుంది.

ఆస్తి పోయాక ఉద్యోగానికి చేరిన మేసీస్ దుకాణంలో మేమ్‌కి క్యాష్ ఆన్ డెలివరీ బిల్లు తప్ప ఇంకేదీ రాయడం రాదు. ఒకప్పుడైతే దీనికి వివరణ కావాల్సి వచ్చేది, ఇప్పుడు ‘సీఓడీ’ అంటే చాలు. టెలిఫోన్ స్విచ్‌బోర్డు సీనులో లాయర్ల సంస్థ పేరు చాంతాడంత ఉంటుంది. మొదటిసారి పూర్తిగా రాయండి, తర్వాత ఆమె చెబుతున్నప్పుడల్లా మొదటి పేరు, చుక్కలు పెట్టండి. చెవి మిగతాది అందుకుంటుంది.

గ్లోరియా పింగ్‌పాంగ్ కథ చెప్పేటప్పుడు ఉల్టా సమస్య. అది చప్పగా, అనవసరంగా సాగాలి, నవ్వంతా ఆ చప్పదనంలోనే ఉంది. అలవాటుగా కుదించేస్తే మామూలు కబురైపోతుంది. సినిమా మొత్తంలో మాటకు మాట దించాల్సిన చోటు ఇదొక్కటే.

జీవితాన్ని విందుతో పోల్చి, ‘లివ్’ అని మేమ్ గూచ్‌ని ఎగదోసే మాట తర్వాత గూచ్ నోట తిరిగి వస్తుంది, అదీ కడుపుతో ఇంటికి వచ్చినప్పుడు. కాబట్టి రెండు చోట్లా క్రియ ఒకటే కావాలి. ‘బతుకు’ తెలుగుదనం ఉన్న మాటే కానీ, గూచ్ ‘నేను బతికాను’ అంటే ప్రమాదం తప్పించుకుందనిపిస్తుంది. కాస్త పుస్తకాల వాసన వచ్చినా ‘జీవించు’, ‘జీవించాను’ నయం. మేమ్ ఆర్భాటానికి ఆ వాసన సరిపోతుంది, గూచ్ నోట అదే నవ్వు తెప్పిస్తుంది.

ఈటో ఇంగ్లిష్ యాసను విరిగిన తెలుగులోకి దించాలనుకోకండి. అప్పటి హాలీవుడ్ ఆసియావాళ్లని చూపించిన తీరు అది, దానికి మన వంతు కలపక్కర్లేదు. జార్జియాలో తోటల పెద్దింటి వాళ్లకీ అంతే. మనవైపు ఏదో ఒక ప్రాంతం యాస తగిలిస్తే నవ్వు తప్పు మనుషుల మీదికి పోతుంది.

తెర మీద కుండలీకరణాల్లో వివరణలు పెట్టకండి. చెప్పాల్సిన నేపథ్యం మూడే ముక్కలు. కథ 1928లో మొదలయ్యేసరికి అమెరికా అంతటా మద్యనిషేధం ఉంది (1920 నుంచి 1933 దాకా), అయినా మేమ్ ఇంట్లో మందు ఏరులై పారుతుంది, పసివాడు బ్యాంకు ఆయనకి మార్టినీ కలిపిస్తాడు. 1929లో షేర్ మార్కెట్ కూలి ఆమె ఆస్తి పోతుంది. మూడోది పైన చెప్పిన ‘రిస్ట్రిక్టెడ్’. సినిమాకి ముందు మూడు నిమిషాల్లో నోటితో చెప్పేయండి. 1995 నాటి మన మద్యనిషేధం గుర్తున్నవాళ్లకి మొదటిది సగం చెబితే చాలు.

ఫైలు పని

సబ్‌టైటిల్ ఎడిట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ సరిపోతుంది. ఒకసారికి రెండు లైన్లకు మించకూడదు. ఒక్కో టైటిల్ కనీసం ఒక సెకను, ఎక్కువలో ఎక్కువ ఆరేడు సెకన్లు ఉండాలి. గుణింతం, ఒత్తు కలిపి ఒక అక్షరంగా లెక్కేసి సెకనుకు ఏడెనిమిది అక్షరాలు పెట్టుకోండి. సాఫ్ట్‌వేర్ మాత్రం అలా లెక్కపెట్టదు. ‘స్త్రీ’ మనకు ఒక్క అక్షరం, దానికి ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం. ఆ ఎర్ర హెచ్చరికలన్నీ నమ్మితే బాగున్న లైన్లు కూడా కోసేస్తారు. పరిమితిని సెకనుకు 16, 17 దగ్గర పెడితే మన లెక్కకి దాదాపు సరిపోతుంది.

సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 ఉండాలి. ఏఎన్‌ఎస్‌ఐలో చేస్తే తెలుగంతా ప్రశ్నార్థకాలవుతుంది, ఆ ఫైలు మూసేశాక వెనక్కి రాదు. వీఎల్‌సీ ప్లేయర్‌లో అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తే తప్పు ఫైలుది కాదు, ఫాంటుది. సబ్‌టైటిల్స్ సెట్టింగుల్లో నిర్మల యూఐ గానీ నోటో సాన్స్ తెలుగు గానీ ఎంచుకోండి.

మొదట్లో సరిగ్గా ఉండి పోనుపోను టైటిల్స్ మాటలకంటే ముందుకు పరిగెడుతుంటే ఫ్రేమ్ రేటు తేడా. యూరప్ డిస్కులు 25 ఫ్రేములతో నడుస్తాయి, అక్కడ ఈ సినిమా 137 నిమిషాల్లోనే అయిపోతుంది. దానికి కట్టిన ఫైలును 23.976 వీడియోకి తగిలిస్తే నిమిషానికి రెండున్నర సెకన్ల చొప్పున జారుతుంది. ఇలాంటప్పుడు ఆలస్యం సర్దే మీటలు నొక్కుతూ కూర్చోవడం వృథా, ఫ్రేమ్ రేటు మార్చండి. తేడా మొదటి నుంచి చివరి దాకా ఒకేలా ఉంటే మాత్రం వీఎల్‌సీలో ‘జీ’, ‘హెచ్’ మీటలు చాలు, ఒక్కో నొక్కుకి 50 మిల్లీసెకన్లు జరుగుతుంది.

ప్రదర్శన రోజు

డిస్కు కొన్నంత మాత్రాన హాల్లో పదిమందికి చూపించే హక్కు రాదు. ఇంటి గది దాటితే అనుమతి సంగతి ముందే చూసుకోండి.

సినిమాని టెక్నిరామా అనే వెడల్పు తెర పద్ధతిలో తీశారు, బొమ్మ వెడల్పు ఎత్తుకి 2.35 రెట్లు. ఎనిమిది అడుగుల వెడల్పున్న మామూలు 16:9 తెర ఎత్తు నాలుగున్నర అడుగులు, బొమ్మ మాత్రం 3.4 అడుగులే. పైనా కిందా ఆరున్నర అంగుళాల చొప్పున నల్ల పట్టీలు మిగులుతాయి. పట్టీలు పోవాలని ‘జూమ్’ నొక్కితే అంచుల్లో మనుషులు తెగిపోతారు. ఈ సినిమాలో అంచులే ముఖ్యం. మేమ్ న్యూయార్క్ ఫ్లాట్ కథ నడిచేకొద్దీ మళ్లీ మళ్లీ కొత్త అలంకారంలో కనిపిస్తుంది, ఆమె ఏ మోజులో ఉందో ఆ గోడలే చెబుతాయి.

సబ్‌టైటిల్స్ కింది నల్ల పట్టీలో పెడదామనిపిస్తుంది. 1080 గీతల వీడియోలో ఆ పట్టీ 131 గీతలే. ఒత్తులు, కొమ్ముల వల్ల తెలుగు రెండు లైన్లకి 150 దాటుతుంది. పైగా చదును నేల హాల్లో ముందు వరస తలలు అడ్డొచ్చేది సరిగ్గా అక్కడే. బొమ్మ లోపలే, కింది అంచుకి ఆనించి, అక్షరాల చుట్టూ సన్నని నల్ల గీటుతో పెట్టండి.

ఇక చీకటి. సీను ముగిసేటప్పుడు డకోస్టా స్టేజి మీదలాగా దీపాలన్నీ దించేసి, మేమ్ ముఖం మీద ఒక్క వెలుగు ఉంచి, ఆ తర్వాత అదీ ఆర్పేస్తాడు. ఇది తెలియని ఆపరేటర్ ప్రొజెక్టర్ ల్యాంప్ పోయిందనుకుని హాల్లో లైట్లు వేస్తాడు. ముందే చెప్పి ఉంచండి. కిటికీల్లోంచి వెలుతురు వస్తున్నా ఈ మలుపులు బూడిదరంగు మరకలవుతాయి, మాటినీ అయితే తెరలు మందంగా ఉండాలి. ప్రొజెక్టర్‌లో ‘ఆటో ఐరిస్’, ‘డైనమిక్ కాంట్రాస్ట్’ ఆపేయండి. లేకపోతే తెర చీకటి పడుతున్న కొద్దీ అవి వెలుగుతో ఆడుకుని, ఆ ఆరిపోవడాన్ని కుదుపుగా మారుస్తాయి. టీవీ మీదయితే కదలికలను నున్నగా చేసే సెట్టింగు కూడా తీసేయండి.

143 నిమిషాలు ఏకబిగిన కూర్చోబెట్టడం మనవాళ్లకి కష్టం. బోరిగార్డ్ చనిపోయాక, పెద్దవాడైన ప్యాట్రిక్, వెరా కలిసి మేమ్‌ని ఆత్మకథ రాయడానికి కూర్చోబెట్టే సీనుకి ముందు ఇంటర్వెల్ ఇవ్వండి. చిన్న ప్యాట్రిక్‌గా వేసిన జాన్ హాండ్జ్‌లిక్ స్థానంలో రోజర్ స్మిత్ వచ్చేసి ఉంటాడు కనుక టీ తాగొచ్చినవాళ్లకి కొత్త ముఖం తికమక ఉండదు.

ముందు రోజు పూర్తిగా నడిపే తీరిక లేకపోతే మూడు ముక్కలు చూడండి. మొదట్లో వచ్చే కెలీడోస్కోప్ టైటిల్స్ దగ్గర రంగులు, బొమ్మ కొలత సరిచూసుకోవచ్చు. గ్లోరియా పింగ్‌పాంగ్ దగ్గరికి వచ్చేసరికి టైమింగ్ జారితే బయటపడుతుంది. చివరి పది నిమిషాల్లో మేమ్ భారతీయ వేషంలో వచ్చి మైకేల్‌ని ఇండియా తీసుకెళ్తానంటుంది. అక్కడ మనవాళ్లు గట్టిగా నవ్వుతారు, తర్వాతి రెండు మాటలు ఆ నవ్వులో కలిసిపోతాయి. వాటి టైటిల్స్‌ని ఒక్కో సెకను ఎక్కువసేపు ఉంచండి.