పాత కూచిపూడి డ్రెస్సును మళ్లీ వేదికెక్కించడం ఎలా?

విజయనగరంలో 1919లో సంగీత పాఠశాలగా మొదలైన కళాశాల ఇప్పుడు నాట్యమూ నేర్పుతోంది. ఊళ్లో కూచిపూడి నేర్చుకునే పిల్లలకు కొదవ లేదు. పిల్లలేమో చూస్తుండగానే పొడవైపోతారు, పట్టు డ్రెస్సేమో నాలుగైదు ప్రదర్శనలకే పక్కన పడుతుంది. అందుకే అవి చేతులు మారుతూ ఉంటాయి. అలా వచ్చినదాన్ని బాగుచేయాలంటే ముందు పైజమా సీటు, ముందువైపు మడతలతో విచ్చుకునే ఫ్యాన్ చూసుకోవాలి. మెరుపుల సంగతి ఆఖరున.

కొనేముందు ఎండలోకి పట్టుకెళ్లి వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. మడత గీతల వెంట సూదిమొనంత వెలుగు కనిపిస్తే పట్టు చివికింది. ఆ ముక్కకు కుట్టు ఆగదు. చంకలు, నడుము పట్టీ, పైజమా సీటు లోపలివైపు తిప్పి చూడండి. పక్క కుట్లలో కనీసం అంగుళం గుడ్డ మిగిలి ఉంటేనే బ్లౌజు వదులు చేయడానికి వీలు. విప్పాక పాత సూది రంధ్రాలు, వెలవని రంగు గీతలా బయటపడతాయి. సన్నని అంచు పట్టీ కుట్టి కప్పేయవచ్చు.

జరీ ఏ రకమో లోపలి కుట్టులోంచి ఒక పోగు లాగి కాల్చితే తెలుస్తుంది. ముడుచుకుని చిన్న ఉండలా మిగిలితే ప్లాస్టిక్ జరీ, దానిపై వేడి ఇస్త్రీ పెడితే కరిగి అంటుకుంటుంది. సన్నని తీగ మిగిలితే లోహపు జరీ. నల్లబడిన జరీని చింతపండుతోనో టూత్‌పేస్టుతోనో రుద్దేవాళ్లున్నారు. పైపూత లేచిపోయి రాగి బయటపడుతుంది, అంతకన్నా ఆ నలుపే నయం. మరీ కళ తప్పితే అంచు మార్చడమే మార్గం.

విప్పడం, శుభ్రం చేయడం

విప్పేముందు ముందు, వెనక, లోపల ఫొటోలు తీయండి. ప్రతి ముక్కకూ పైభాగం ఎటో తెలిసేలా రంగు దారం కట్టండి. పట్టు భాగాలను నీళ్లలో ముంచవద్దు, డ్రై క్లీనింగుకే ఇవ్వండి. కాటన్ లైనింగును విడదీసి కుంకుడు రసంలో ఉతికితే చెమట వాసన చాలావరకు పోతుంది. మళ్లీ కుట్టే ముందు పూర్తిగా ఆరనివ్వాలి. రంగు దిగుతుందో లేదో ముందే చూసుకోవాలంటే తడిపిన తెల్లగుడ్డను లోపలి కుట్టుమీద నిమిషం పాటు నొక్కి పట్టండి.

సీటు

మండి వేసినప్పుడల్లా, అంటే మోకాళ్లు పక్కలకు వంచి కిందికి కూర్చున్నప్పుడల్లా, బరువంతా పడేది ఇక్కడే. చిరిగినచోట మిషన్ మీద రెండుసార్లు కుట్టేస్తే పక్కనే మళ్లీ చిరుగుతుంది. కుట్టు గట్టిదే, గుడ్డే చాలట్లేదు. నాలుగు కుట్లూ కలిసే చోట విప్పి, 4 అంగుళాల చదరపు ముక్కను మూల పైకి వచ్చేలా పెట్టి కుట్టండి. దాని వెనక మెత్తని కాటన్ గుడ్డ వేయండి. పట్టు కన్నా బలమైన దారం వాడితే అదే పట్టును కోసేస్తుంది కాబట్టి సన్నని దారమే మేలు.

ఫ్యాన్

అసలు పని ఇదే. పన్నా (గుడ్డ వెడల్పు) 36 అంగుళాలైతే అంగుళం చొప్పున 36 పట్టీలుగా, ఒకటి ముందుకు ఒకటి వెనక్కు మడవండి. పట్టీల లెక్క సరిసంఖ్య కావాలి, అప్పుడే రెండు చివరలూ వెనక్కే పోతాయి. బేసి వస్తే ఒక చివర ముందుకొచ్చి వేలాడుతుంది. కింది అంచు నుంచి మొదలుపెట్టండి, పైనుంచి మడుస్తూ వస్తే అంచు గీత మెట్లు మెట్లుగా వంకర పోతుంది.

మడిచిన కొద్దీ 3 అంగుళాలకోసారి కచ్చా కుట్టు వేయండి. పైన పలుచటి తడిగుడ్డ పరిచి ఇస్త్రీని నొక్కి ఎత్తాలి, లాగకూడదు. పూర్తిగా చల్లారేదాకా కదపవద్దు, మడత నిలిచేది చల్లారేటప్పుడే. ఒక రాత్రి బరువు కింద ఉంచితే ఇంకా మంచిది.

నడుము దగ్గర మొత్తం 6 అంగుళాలకు కుదించి పట్టీలో కుట్టండి. తర్వాత మోకాలి ఎత్తున లోపలివైపు సన్నని కాటన్ టేపు పెట్టి, వెనకకు వచ్చే ప్రతి మడత మొననూ అంగుళంన్నర ఎడంతో దానికి చేతితో కట్టండి. టేపు ఎంత వదిలితే ఫ్యాన్ అంతే విచ్చుకుంటుంది. ఎడం 2 అంగుళాలు చేస్తే మడతలు చదునైపోతాయి. అర అంగుళమే ఇస్తే మండి వేయగానే టేపు గుంజి నడుము కుట్టు చిరుగుతుంది. టేపును ముందు కచ్చాగా కుట్టి, పాపకు తొడిగి మండి వేయించి చూశాకే గట్టి కుట్టు వేయండి. తరంగం (ఇత్తడి పళ్లెం అంచుమీద నిలబడి చేసే నాట్యం) చేసే పాప అయితే ఫ్యాన్ చీలమండకు పైనే ఆగాలి. కిందికి వస్తే పళ్లెం అంచు పట్టిన కాలివేళ్ల కింద పడుతుంది.

అలంకారం

కొత్త జరీ అంచును ఫ్యాన్‌కు మడతలు పెట్టకముందే కుట్టాలి. కుందన్లు జిగురుతో అతికించినవి చెమటకు రాలిపోతాయి, రంధ్రం ఉన్నవి తెచ్చి కుట్టండి. పూసలైతే నాలుగింటికోసారి ముడి వేస్తే దారం తెగినా మిగతావి నిలుస్తాయి. వడ్డాణం రాసుకునే చోట, చంక దగ్గర, ఫ్యాన్ మడతలపైన ఏమీ పెట్టవద్దు. పట్టు డ్రెస్సుకు చమ్కీలు అసలు నప్పవు.

నడుముకు వెల్క్రో పెడితే పట్టు పోగులు లాగేస్తుంది. హుక్కులు రెండు వరసలు, అంగుళం ఎడంగా పెట్టండి. ఏడాది తర్వాత బయటి వరస పనికొస్తుంది.

దసరా ముందు నుంచి, ఆ తర్వాత జరిగే పైడితల్లి జాతర సిరిమానోత్సవం దాకా టైలర్లు ఖాళీగా ఉండరు. ఈ పని వేసవిలోనే మొదలుపెట్టడం మంచిది. ప్రదర్శన అయ్యాక ఆరబెట్టకుండా మడిచి పెట్టవద్దు. అత్తరు, స్ప్రే జరీ మీద పడకూడదు. పాత పంచెలో చుట్టి దాచండి, ప్లాస్టిక్ కవరులో వద్దు. మన తేమ గాలికి లోపల బూజు పడుతుంది. కలరా ఉండలు జరీకి తగలనివ్వవద్దు. మూడు నెలలకోసారి తీసి మడత మార్చి పెట్టండి, ఫ్యాన్‌ను మాత్రం మడవకుండా పాత చున్నీతో చుట్టి నిలువుగా వేలాడదీయండి.