మా హన్మకొండ వంటింట్ల గడ్డకట్టే కొవ్వు తగ్గించుడు

మా ఆయన రక్తపరీక్షల ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) ఎక్కువొచ్చిందనంగనే ఇంట్ల అందరి కండ్లు నెయ్యి డబ్బా మీదనే పడ్డయి. నెయ్యిల సంతృప్త కొవ్వు, అంటే ఎల్‌డీఎల్‌ను పెంచే ఈ గడ్డకట్టే కొవ్వు, 60 శాతం పైనే, కాదనను. కానీ పప్పన్నంల ఏసుకునేది చిన్న చెంచాడు. పామాయిల్‌ల దాదాపు సగం అదే కొవ్వు, అది గరిటెలతోని పోతది. అందుకే నేను లెక్క నూనెకాడ మొదలుపెట్టిన.

రోజుకు 2000 క్యాలరీలు తినే మనిషికి సంతృప్త కొవ్వు 22 గ్రాములు దాటొద్దనేది ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. పల్లి నూనెల అది ఇంచుమించు 20 శాతం లోపే, నువ్వుల నూనెల 15 దగ్గర, పొద్దుతిరుగుడు నూనెల ఇంకా తక్కువ. మా ఇంట్ల కూరలకు పల్లి నూనె, పోపులకు, తొక్కులకు నువ్వుల నూనె. మంచి నూనె అని మస్తుగ పోస్తే మాత్రం లాభం లేదు. నలుగురున్న ఇంట్ల నెలకు మూడు లీటర్లు ఒడిస్తే మనిషికి రోజుకు సుమారు 23 గ్రాముల నూనె పడ్డట్టు. సీసా వంచుడు బంద్ చేసి చెంచాతోని కొలుస్తే చెయ్యి దానంతటదే తగ్గుతది.

ఇగ యాటకూర. ఆదివారం మటన్ లేకుంటే మా ఇంట్ల పంచాయితీ అయితది, అందుకే మానిపియ్యలే. దుకాణంలనే తెల్ల కొవ్వు కోసి తీసెయ్యమని చెప్తున్న. శనివారం రాత్రే ఉప్పు, పసుపు, అల్లం ఎల్లిపాయ ఏసి కుక్కర్ల ఉడికిచ్చి, చల్లారినంక ఫ్రిజ్‌ల పెడ్త. తెల్లారి చూస్తే పైన కొవ్వు తెల్లగ పలక కట్టి ఉంటది. చెంచా కొసతోని అంచు లేపితే పెచ్చు పెచ్చుగ వస్తది. కింద రసం మాత్రం పారబొయ్యొద్దు, రుచంతా దాంట్లనే. ఉల్లిగడ్డ కొద్ది నూనెల గోలిచ్చి, ధనియాల పొడి, గసగసాలు ఏసి, ఆ రసంతోనే కూర దగ్గరికి చెయ్యాలె. కోడికైతే తోలు తీపిస్తే సగం పని అయిపోయినట్టే.

బర్రె పాలల్ల కొవ్వు ఏడు శాతం దాకా ఉంటది, పాల కొవ్వుల ఎక్కువ భాగం సంతృప్తమే. కాచి చల్లార్చి మీగడ తియ్యాలె. తీసిన మీగడ వెన్నయి, నెయ్యయి మళ్ల మన కంచంలకే వస్తే ఏం తగ్గినట్టు? చాయ్‌కు, పెరుగుకు డబుల్ టోన్డ్ పాలు తెస్తున్న, కొవ్వు 1.5 శాతమే. పెరుగు జర పల్చగ తోడుకుంటది, అంతే.

సాయంత్రానికి బజ్జీల బదులు సర్వపిండి. బియ్యప్పిండిల నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లాకు, కరివేపాకు, కారం, ఉప్పు కలిపి ముద్ద చెయ్యాలె. మందపాటి గంజు లోపల రెండు చెంచాల నూనె రాసి, పిండి పల్చగ ఒత్తి, ఏలుతోని బొక్కలు పెట్టి, ఒక్కో బొక్కల ఒక్కో చుక్క నూనె ఏసి మూత పెట్టాలె. సన్న సెగ మీద అడుగు ఎర్రగ కాలేదాక కదిలియ్యొద్దు. గంజు వేడి మీదుంటే రెండోది ఒత్తరాదు, అందుకని రెండు గంజులు మార్చి మార్చి పెడ్త.

సకినాలు సంక్రాంతికి చేసుకోవాల్సిందే, పల్లి నూనెల గోలిచ్చుకోండ్రి. కొనుక్కొచ్చే మిక్చర్, బిస్కెట్ల ప్యాకెట్లు తిప్పి చూడుండ్రి, పామోలిన్ (అదీ పామాయిలే), వనస్పతి అని రాసుంటే మళ్ల అక్కడే పెట్టేయుండ్రి. బేకరీ పఫ్‌లకైతే ఆ రాతలు గూడ ఉండయి.

కొలెస్ట్రాల్‌కు డాక్టర్ గోలీలు రాసి ఉంటే, వంట మార్చినం కదా అని మీ అంతట మీరే బంద్ చెయ్యొద్దు. మళ్ల పరీక్ష ఎప్పుడు చేయించాల్నో ఆయన్నే అడగాలె.